గ్రిడ్‌కి వోల్టులు, ట్రాన్సిస్టర్‌కి లోడు: రెండు 6146బి వాల్వుల కేస్ స్టడీ

మనిషిని, ఊరిని, కాల్‌సైన్‌ని గుర్తుపట్టే వివరాలు ఇందులో లేవు. సర్క్యూటు సంగతులు మాత్రం వివరంగా రాశాను. పాత వాల్వు ఫైనల్‌ని (యాంటెనాకి పవర్ ఇచ్చే చివరి స్టేజి) కొత్త ట్రాన్సిస్టర్ ఎక్సైటర్‌తో (సిగ్నల్ తయారుచేసే భాగం) నడపాలనుకునే హ్యామ్‌లు, అంటే అమెచ్యూర్ రేడియో వాళ్లు, ఈమధ్య పెరిగారు. అందరూ దాదాపు ఒకే చోట దెబ్బ తింటున్నారు.

నేపథ్యం

కోస్తాలో ఒక చిన్న పట్నం. ట్రాన్స్‌మిటర్ యజమాని జనరల్ గ్రేడ్ లైసెన్సున్న పాతకాలపు హ్యామ్, రిటైరైన లెక్చరర్. మాస్టారు అందాం. ట్రాన్స్‌మిటర్ ఆయన వయసులో ఉన్నప్పుడు సొంతంగా కట్టుకున్నదే. ఫైనల్లో రెండు 6146బి వాల్వులు పేరలల్‌గా ఉన్నాయి. ప్లేటుకి 750 వోల్టులు, స్క్రీన్‌కి రెగ్యులేట్ చేసిన 200 వోల్టులు, గ్రిడ్‌కి మైనస్ 50 దగ్గర బయాస్. వాల్వులోకి సిగ్నల్ వెళ్లేది గ్రిడ్ ద్వారా, పవర్ వచ్చేది ప్లేటు నుంచి. క్లాస్ ఏబీ1, అంటే గ్రిడ్‌లో కరెంట్ పారనివ్వని పద్ధతి. అవుట్‌పుట్లో π ఆకారపు ట్యూనింగ్ సర్క్యూట్, అంటే పై ట్యాంక్. 3.5 నుంచి 28 మెగాహెర్ట్జ్ దాకా ఐదు బ్యాండ్లు. అల్యూమినియం చాసిస్ మీద పని చూస్తే ముచ్చటేస్తుంది, ఒక్క వైరు అడ్డదిడ్డంగా ఉండదు.

ఈ ఫైనల్‌ని నడిపే డ్రైవర్ 12బీవై7ఏ అనే పెంటోడ్. అసలు అది టీవీల్లో వీడియో యాంప్లిఫయర్ కోసం చేసిన వాల్వు. 1970ల్లో యాయెసు కంపెనీ ఎఫ్‌టీ-101, కెన్‌వుడ్ టీఎస్-520 లాంటి హైబ్రిడ్ సెట్లలోనూ డ్రైవర్‌గా ఇదే ఉండేది. ఆ సెట్లు వాడినవాళ్లకి బ్యాండ్ మార్చిన ప్రతిసారీ డ్రైవ్ నాబ్ తిప్పి పీక్ చేసుకోవడం గుర్తుండే ఉంటుంది. ఆ నాబ్ తిప్పడం అంటే డ్రైవర్ ప్లేటు కాయిల్‌ని ట్యూన్ చేయడమే.

మాస్టారి దగ్గర ఆ కాయిళ్ల స్లగ్గులు సముద్రపు గాలికి బిగుసుకుపోయి, తిప్పితే విరిగిపోయాయి. 12బీవై7ఏ నీరసించింది. మంచి వాల్వు దొరకడం కష్టంగా ఉంది. దానికితోడు ఆయన ఫ్రీక్వెన్సీ పుట్టించే ఎస్‌ఐ5351 చిప్‌తో ఒక వాటు ఇచ్చే కొత్త ఎస్‌ఎస్‌బీ (హ్యామ్‌లు మాట పంపే పద్ధతి) ఎక్సైటర్ కట్టుకున్నారు. బటన్ నొక్కితే బ్యాండ్ మారుతుంది. ఇంకా ఆ పాత నాబ్‌తో కుస్తీ ఎందుకని 12బీవై7ఏని పీకేసి, ఆ చోటుకి ఐఆర్‌ఎఫ్510 మాస్‌ఫెట్లు (ఒకరకం ట్రాన్సిస్టర్లు) రెండింటితో, వంతులవారీగా పనిచేసే పుష్-పుల్ బ్రాడ్‌బ్యాండ్ (ట్యూనింగ్ అక్కర్లేని) స్టేజి పెట్టాలనుకున్నారు. ఆలోచన మంచిదే.

వచ్చిన సమస్య

డ్రైవర్‌ని విడి డబ్బాలో కట్టారు. సప్లై 13.8 వోల్టులు. డమ్మీ లోడు (పరీక్ష కోసం పెట్టే 50 ఓమ్‌ల రెసిస్టర్) మీద పది వాట్లు శుభ్రంగా వచ్చేవి. డబ్బాలోనే అవుట్‌పుట్ చివర 1:3 చుట్ల స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అక్కడి నుంచి మీటరు పొడవు ఆర్‌జీ-58 కోయాక్స్ లాగి, ఒక కెపాసిటర్ ద్వారా 6146బి గ్రిడ్లకి కలిపారు. బయాస్ ఒక ఆర్‌ఎఫ్ చోక్ ద్వారా వస్తుంది.

ఆయన లెక్క ఇది. 50 ఓమ్‌ల మీద పది వాట్లంటే పీక్ 31 వోల్టుల పైమాట. దాన్ని మూడింతలు చేస్తే 95. గ్రిడ్‌కి కావలసింది 50. బోలెడంత మిగులు.

3.5 మీద పర్వాలేదనిపించింది. 7 మీద గొంతు చీరినట్టుందని అవతలివాళ్లు రిపోర్టిచ్చారు. ఏబీ1లో సున్నా దగ్గర ఉండాల్సిన గ్రిడ్ కరెంట్ ముల్లు ప్రతి అక్షరానికీ గంతులేసేది. 14కి మారిస్తే మైకులో మాట్లాడకుండానే, పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కగానే పవర్ మీటర్ లేచేది. అంటే ఆసిలేషన్, ఇన్‌పుట్ లేకుండానే సర్క్యూట్ తనంతట తాను సిగ్నల్ పుట్టించడం. కాసేపటికి ఐఆర్‌ఎఫ్510 షార్ట్. కొత్తవి వేస్తే అవీ షార్ట్. 21, 28 మీద ప్రయత్నించే ధైర్యం ఆయన చేయలేదు.

రేడియోలో మాట్లాడుతూ ఎవరో గ్రిడ్ దగ్గర రెసిస్టర్ పెట్టమన్నారట. ఆయన 470 ఓమ్‌ల తెల్ల సిమెంటు రెసిస్టర్ ఒకటి పెట్టారు. లాభం లేకపోయింది. ఆ రెసిస్టర్ సంగతికి మళ్లీ వస్తాను.

"న్యూట్రలైజేషన్ చెడింది బాబూ, అది సరిచేస్తే చాలు," అన్నారు మాస్టారు, సెట్ చూడటానికి వెళ్లిన నాతో. ప్లేటు నుంచి గ్రిడ్‌కి వెనక్కి వచ్చే సిగ్నల్‌ని కొట్టేసే ఏర్పాటే న్యూట్రలైజేషన్. వాల్వు ఫైనల్ ఆసిలేట్ అయితే పాతవాళ్లకి ముందు తట్టేది అదే. తప్పు పట్టడానికి లేదు.

తప్పు ఎవరిదో తేల్చడం

న్యూట్రలైజేషన్ కెపాసిటర్ మీద చెయ్యి వేసే ముందు ఒక ప్రశ్నకి జవాబు కావాలి. ఆసిలేట్ అవుతున్నది వాల్వులా, మాస్‌ఫెట్లా? ఇది తేలకుండా ఏది తిప్పినా చీకట్లో తడుముకోవడమే.

దీనికి సులువైన పద్ధతి ప్లేటు హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజి సప్లై), స్క్రీన్ సప్లై రెండూ తీసేసి, హీటర్లు, గ్రిడ్ బయాస్ మాత్రం ఉంచి డ్రైవ్ ఇవ్వడం. ఇలా చేసేటప్పుడు రెండింటినీ తీయాలి. ప్లేటు వోల్టేజి లేకుండా స్క్రీన్‌కి మాత్రం ఇస్తే ఎలక్ట్రాన్లన్నీ స్క్రీన్ మీదికే వెళ్లి అది కాలిపోతుంది. ఇంకో మాట. 750 వోల్టుల సప్లై ప్రాణం తీస్తుంది. స్విచ్ ఆపాక బ్లీడర్ పనిచేసిందో లేదో మీటర్‌తో చూసి, ఎర్త్ కర్ర ఆనించి, ఆ తర్వాతే చాసిస్‌లో చెయ్యి పెట్టాలి. బ్లీడర్ ఉంది కదా అన్న ధీమా పనికిరాదు.

వాల్వుల్లో ప్లేటు కరెంటే లేదు. అయినా 14 మీద డ్రైవర్ ఆసిలేట్ అయింది. న్యూట్రలైజేషన్ మీద అనుమానం అక్కడితో పోయింది.

మరి డ్రైవర్ కట్టడంలో లోపమా? అదే డబ్బాని స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ ముందు నుంచి 50 ఓమ్ డమ్మీ లోడుకి కలిపితే అన్ని బ్యాండ్ల మీదా బుద్ధిగా ఉంది. 28 మీద కొంచెం తగ్గింది, ఐఆర్‌ఎఫ్510తో అది మామూలే. తర్వాత డమ్మీ లోడు తీసి, డ్రైవర్‌కీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మధ్య 6 డెసిబెల్ ప్యాడ్ (పవర్‌ని నాలుగో వంతుకి తగ్గించే రెసిస్టర్ల కూర్పు) పెట్టాను. ప్యాడ్ ఉంటే అవతల ఏ చెత్త లోడున్నా డ్రైవర్‌కి 50 ఓమ్‌లకి దగ్గరగానే కనిపిస్తుంది, ఎందుకంటే తిరిగొచ్చే పవర్ కనీసం 12 డెసిబెల్స్ తగ్గి వస్తుంది. ఆసిలేషన్ ఆగిపోయింది. డ్రైవ్ చాలదు కాబట్టి ఇది పరిష్కారం కాదు గానీ, రోగం ఎక్కడుందో చెప్పేసింది. డ్రైవర్ మంచిది, వాల్వులు మంచివి, రెంటి మధ్య సంబంధమే చెడ్డది.

మధ్యలో ఏముంది

ఏబీ1లో గ్రిడ్ కరెంట్ తీసుకోదు. దానికి కావలసింది ఊగిసలాడే వోల్టేజి మాత్రమే. పవర్ అక్కర్లేదు. కాబట్టి డ్రైవర్ వైపు నుంచి చూస్తే అక్కడ రెసిస్టెన్స్ దాదాపు లేదు, ఒట్టి కెపాసిటర్ ఉంది. ఒక్కో 6146బి ఇన్‌పుట్ కెపాసిటెన్స్ 13.5 పికోఫారడ్. రెంటికి 27. సాకెట్, వైరింగ్ కలిపితే 40 దాకా వస్తుంది. పాత 12బీవై7ఏకి ఇది ఇబ్బంది కాలేదు, ఎందుకంటే దాని ప్లేటు కాయిల్ ఈ 40 పికోఫారడ్లని తన ట్యూనింగ్‌లో కలిపేసుకునేది. ఎక్కువ ఇంపీడెన్స్ వాల్వు, ఎక్కువ ఇంపీడెన్స్ గ్రిడ్, మధ్యలో ట్యూన్డ్ సర్క్యూట్. ముగ్గురికీ పొత్తు కుదిరింది.

ట్రాన్సిస్టర్ బ్రాడ్‌బ్యాండ్ స్టేజికి ఆ సౌకర్యం లేదు. దాని ఫీడ్‌బ్యాక్, గెయిన్, స్టెబిలిటీ అన్నీ అవుట్‌పుట్లో 50 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుందన్న నమ్మకం మీద డిజైన్ చేసినవి. మాస్టారి లెక్కలో 95 వోల్టులు రావాలంటే గ్రిడ్ దగ్గర 450 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉండాలి. అది అక్కడ లేదు.

పైగా కోయాక్స్ ఒకటి. అవతలి చివర సరైన లోడుంటేనే అది ట్రాన్స్‌మిషన్ లైను. లేకపోతే ఒట్టి కెపాసిటర్. ఆర్‌జీ-58 మీటరుకి దాదాపు 100 పికోఫారడ్లు. ట్రాన్స్‌ఫార్మర్ డ్రైవర్ డబ్బాలో ఉండటంతో ఆ వంద కూడా స్టెప్-అప్ తర్వాతి వైపు చేరింది. మొత్తం 140. చుట్ల నిష్పత్తి మూడు కాబట్టి ఇది డ్రైవర్ వైపు తొమ్మిదింతలై, 1260 పికోఫారడ్లుగా కనిపిస్తుంది. 14 మెగాహెర్ట్జ్ దగ్గర దాని రియాక్టెన్స్ 9 ఓమ్‌లు.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ లీకేజీ ఇండక్టెన్స్‌ని నానోవీఎన్ఏతో (ఇంపీడెన్స్ కొలిచే చిన్న పరికరం) కొలిస్తే 0.1 మైక్రోహెన్రీ దగ్గర వచ్చింది. 14 దగ్గర అదీ దాదాపు 9 ఓమ్‌లే. ఒకటి ప్లస్, ఒకటి మైనస్. అంటే సరిగ్గా 14 బ్యాండ్ దగ్గర సిరీస్ రెజొనెన్స్. మాస్‌ఫెట్ల ముందు దాదాపు షార్ట్ సర్క్యూట్ ఉంది. 3.5 మీద ఎందుకు బతికాయో, 14 మీద ఎందుకు చచ్చాయో ఈ ఒక్క లెక్కతో తేలిపోయింది.

ఇప్పుడు సిమెంటు రెసిస్టర్. మల్టీమీటర్ దాన్ని 470 ఓమ్‌లనే చూపిస్తుంది, అబద్ధం కాదు. కానీ లోపల ఉన్నది పింగాణీ కడ్డీ మీద చుట్టిన తీగ. అంటే ఒక కాయిల్. డీసీకి రెసిస్టర్, ఆర్‌ఎఫ్‌కి చోక్. దాన్ని పెట్టినా లోడు పెట్టినట్టు కాలేదు.

మొదటి మార్గం: 200 ఓమ్‌లు

గ్రిడ్ దగ్గర నిజమైన రెసిస్టెన్స్ పెట్టాలన్నది ఖాయమైంది. ఎంత పెట్టాలన్నదే ప్రశ్న. గ్రిడ్‌కి పీక్ 50 వోల్టులు కావాలి. ఆ వోల్టేజికి 450 ఓమ్‌లలో 2.8 వాట్లు, 200 ఓమ్‌లలో 6.25 వాట్లు, 50 ఓమ్‌లలో 25 వాట్లు ఖర్చవుతాయి. రెసిస్టెన్స్ పెరిగితే పవర్ ఆదా. కానీ పక్కనే ఉన్న 40 పికోఫారడ్లు 28 మెగాహెర్ట్జ్ దగ్గర 142 ఓమ్‌లు. 450 ఓమ్‌ల రెసిస్టర్‌ని ఇది పూర్తిగా మింగేస్తుంది. ఆ దారి వదిలేశాం.

200 ఓమ్‌లు మధ్యేమార్గంలా కనిపించింది. 1:2 చుట్ల ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. మాస్టారి పది వాట్ల డ్రైవర్ ఉన్నది ఉన్నట్టుగా పనికొస్తుంది, కొత్త సప్లై అక్కర్లేదు. లెక్క ప్రకారం 28 మీద ఎస్‌డబ్ల్యూఆర్ (లోడు ఎంత కుదిరిందో చెప్పే నిష్పత్తి, 1 అయితే సరిగ్గా కుదిరినట్టు) బాగుండదని ముందే తెలుసు. అయినా ప్రయత్నించాం. ఆయన ఎక్కువగా తిరిగేది 7, 14 మీదే కాబట్టి, పై బ్యాండ్లలో ఎంతవరకు సర్దుకోవచ్చో చూడాలనుకున్నాం. ట్రాన్స్‌ఫార్మర్‌ని డ్రైవర్ డబ్బాలోంచి తీసి వాల్వు సాకెట్ల పక్కన పెట్టాను. దాంతో కోయాక్స్ 50 ఓమ్‌ల వైపు పడి, దాని వంద పికోఫారడ్ల బెడద తప్పింది.

3.5, 7 మీద చక్కగా పనిచేసింది. 14 మీద ఎస్‌డబ్ల్యూఆర్ 2 దగ్గర, పర్వాలేదు. 21కి వెళ్లేసరికి 2.8, 28 మీద 3.7. ఫెట్లు చావలేదు గానీ 28 మీద టూ-టోన్ (రెండు స్వరాల పరీక్ష సిగ్నల్) పెట్టి చూస్తే ఎన్వలప్ తలలు చదునయ్యాయి. పై బ్యాండ్లకి విడిగా సరిదిద్దే కాయిల్ పెడితే కుదురుతుంది. కానీ దానికి స్విచ్ కావాలి, స్విచ్ పెడితే మళ్లీ పాత నాబ్ సంసారమే.

ఫలించినది: 50 ఓమ్‌లు, 25 వాట్లు

మిగిలింది ఒకటే దారి. ట్రాన్స్‌ఫార్మరే లేకుండా గ్రిడ్ దగ్గర నేరుగా 50 ఓమ్‌లు.

మాస్టారికి ఇది మింగుడు పడలేదు. "రెండు వాట్లతో అయ్యే పనికి పాతిక వాట్లా? బూడిదలో పోసిన పన్నీరు కాదూ?" అన్నారు. నా జవాబు హీటర్ల లెక్క. ఒక్కో 6146బి హీటర్ 6.3 వోల్టుల దగ్గర 1.125 ఆంపియర్లు తీసుకుంటుంది. రెంటికీ కలిపి 14 వాట్లు, సెట్ ఆన్‌లో ఉన్నంతసేపూ, మాట్లాడినా మాట్లాడకపోయినా. రెసిస్టర్‌లో 25 వాట్లు ఖర్చయ్యేది ఎస్‌ఎస్‌బీ పీకుల దగ్గర, లేదా కీ నొక్కినప్పుడు. సగటు చూస్తే హీటర్ల ఖర్చుకి పెద్ద తేడా ఉండదు. ఆయన కాసేపు కాగితం మీద గీసుకుని, సరే కానివ్వమన్నారు.

డ్రైవర్‌ని 25 వాట్లకి పెంచాలి. 13.8 వోల్టుల మీద అది ఐఆర్‌ఎఫ్510లకి బరువు. సప్లై వోల్టేజి పెంచితే ఒక చక్కటి సౌలభ్యం దొరుకుతుంది. పుష్-పుల్‌లో డ్రెయిన్ నుంచి డ్రెయిన్‌కి కావలసిన లోడు, వోల్టేజి స్వింగ్ వర్గానికి రెండింతలు చేసి పవర్‌తో భాగిస్తే వస్తుంది. సప్లై 27 వోల్టులు, అందులో రెండు ఫెట్‌లో పోతాయనుకుంటే స్వింగ్ 25. 25 వర్గం 625, రెండింతలు 1250, దాన్ని 25 వాట్లతో భాగిస్తే 50 ఓమ్‌లు. అంటే అవుట్‌పుట్లో ఇంపీడెన్స్ మార్చే ట్రాన్స్‌ఫార్మరే అక్కర్లేదు, 1:1 బేలన్ (రెండు డ్రెయిన్లని కోయాక్స్‌కి కలిపే చుట్టు) చాలు. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత తగ్గితే లీకేజీ ఇండక్టెన్స్ అంత తగ్గుతుంది. 43 రకం ఫెరైట్ మీద చుట్టాం. ఐఆర్‌ఎఫ్510 డ్రెయిన్ 100 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది కాబట్టి 27 సప్లైతో భయం లేదు.

సప్లైకి మొదట ఎస్‌ఎంపీఎస్ (స్విచ్చింగ్ సప్లై) అనుకున్నాం. 7 మెగాహెర్ట్జ్ రిసీవింగ్‌లో దాని గరగర వినగానే ఆ ఆలోచన మానేసి, 20 వోల్టులు 3 ఆంపియర్ల మామూలు ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాం. బ్రిడ్జి, కెపాసిటర్ తర్వాత లోడు మీద 27కి కాస్త అటూ ఇటూగా నిలుస్తుంది. గేట్ బయాస్‌కి మాత్రం విడిగా రెగ్యులేటర్.

ఫెట్లు కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చాను. ఐఆర్‌ఎఫ్510 అడిగితే కుర్రాడు ఐఆర్‌ఎఫ్530 చేతిలో పెట్టాడు. "అదే సార్, ఇంకా పవర్‌ఫుల్." స్విచ్చింగ్ పనికైతే అతని మాట నిజమే. ఆర్‌ఎఫ్‌కి తిరగబడుతుంది. 510 ఇన్‌పుట్ కెపాసిటెన్స్ 180 పికోఫారడ్లు, 530ది 670. 28 మెగాహెర్ట్జ్ దగ్గర 510 గేట్ 30 ఓమ్‌ల పైన, 530 గేట్ ఎనిమిదిన్నర. ఒక వాటు ఎక్సైటర్ దాన్ని ఊపలేదు. 510 అని ప్రింటు వేసి లోపల ఇంకేదో ఉన్నవీ దొరుకుతున్నాయి. గేట్-సోర్స్ కెపాసిటెన్స్ కొలిచి, ఒకదానికొకటి దగ్గరగా ఉన్న జతని ఏరుకోవడం మంచిది.

510 ట్యాబ్ డ్రెయిన్‌కి కలిసి ఉంటుంది. మైకా రేకు, ఇన్సులేటింగ్ వాషర్ లేకుండా హీట్‌సింక్‌కి బిగిస్తే సప్లై నేరుగా ఎర్త్ అవుతుంది. ఇంకోటి, వేడెక్కేకొద్దీ ఈ ఫెట్ల ఐడిల్ కరెంట్ పెరుగుతూ పోతుంది. ఒక డయోడ్‌ని హీట్‌సింక్‌కి ఆనించి, వేడి పెరిగితే గేట్ బయాస్ తగ్గేలా కట్టాం. ఒక్కో ఫెట్‌కి ఐడిల్ కరెంట్ 150 మిల్లీఆంపియర్లు పెట్టాం. ఇంకా తక్కువ పెట్టినా పవర్ వస్తుంది. కానీ డ్రైవర్‌లో పుట్టిన డిస్టార్షన్‌ని ఫైనల్ బాగుచేయదు, పెంచి పంపుతుంది.

సాకెట్ దగ్గర పని

కేసు మొత్తంలో నాకు నచ్చిన భాగం ఇదే. 50 ఓమ్‌ల రెసిస్టర్ కోసం ఒక కిలో ఓమ్, రెండు వాట్ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్లు ఇరవై తీసుకుని పేరలల్‌గా కలిపాం. మొత్తం 40 వాట్లు తట్టుకుంటుంది. వీటికీ లోపల గాటు మెలికలుగా ఉంటుంది, కొంత ఇండక్టెన్స్ ఉంటుంది. కానీ ఇరవై పక్కపక్కన ఉంటే అది ఇరవయ్యో వంతవుతుంది. రెండు చిన్న రాగి రేకుల మధ్య నిచ్చెన మెట్లలా సోల్డర్ చేసి, కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించి, రెండు సాకెట్ల నడుమ గ్రిడ్ పిన్నులకి ఆనుకునేలా బిగించాం. కింద చిన్న ఫ్యాన్. ఈ రెసిస్టర్‌ని డ్రైవర్ డబ్బాలో పెట్టి కోయాక్స్ లాగితే ప్రయోజనం సగం పోతుంది. లోడు ఉండాల్సింది కోయాక్స్ చివర, గ్రిడ్ దగ్గరే.

రెసిస్టర్ రెండో కొసని ఎర్త్‌కి కలపలేదు. దాన్ని మైనస్ 50 బయాస్ లైనుకి కలిపి, అక్కడి నుంచి ఎర్త్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు పెట్టాం. ఆర్‌ఎఫ్‌కి అది ఎర్త్, డీసీకి బయాస్. దీంతో గ్రిడ్ చోక్ అవసరమే పోయింది. 3.5 నుంచి 30 దాకా ఎక్కడా సొంత రెజొనెన్స్ లేని చోక్ చుట్టడం కంటే చోక్ లేకుండా చేసుకోవడం తేలిక. ఒక ప్రమాదం ఉంది. ఆ కెపాసిటర్లలో ఒకటి షార్టయితే బయాస్ పోయి ప్లేట్లు ఎర్రబడతాయి. అందుకే మంచి వోల్టేజి రేటింగ్ ఉన్నవి వేసి, క్యాథోడ్ లైన్లో ఫ్యూజ్ పెట్టాం.

మిగిలింది ఆ 40 పికోఫారడ్లు. 50 ఓమ్‌ల పక్కన అవి 28 మీద ఎస్‌డబ్ల్యూఆర్‌ని 1.4 దాకా తీసుకెళ్తాయి. సిరీస్‌లో 90 నానోహెన్రీల కాయిల్, అంటే నాలుగైదు చుట్ల రాగి తీగ, పెడితే 1.1కి దిగింది. చుట్లని దగ్గరకీ దూరానికీ జరుపుతూ నానోవీఎన్ఏ చూసుకుంటూ సరిచేశాం. కింది బ్యాండ్లలో ఆ కాయిల్ ఉన్నట్టే తెలియదు. స్విచ్ లేదు, నాబ్ లేదు.

గ్రిడ్ వోల్టేజి చూడటానికి ఆసిలోస్కోప్ 10ఎక్స్ ప్రోబ్ పెట్టేటప్పుడు ఆ ప్రోబే పది పన్నెండు పికోఫారడ్లని గుర్తుపెట్టుకోవాలి. ప్రోబ్ ఉన్నప్పుడొక కొలత, తీస్తే ఒకటి. డయోడ్ డిటెక్టర్ ఒకటి శాశ్వతంగా అక్కడే కట్టేసి, దాంతో కలిపే కాయిల్ సరిచేయడం నా అలవాటు.

న్యూట్రలైజేషన్ ఏమైంది

మాస్టారు అడగనే అడిగారు. గ్రిడ్-ప్లేటు కెపాసిటెన్స్ రెండు వాల్వులకి కలిపి అర పికోఫారడ్ లోపే. 28 మెగాహెర్ట్జ్ దగ్గర అది 11 కిలో ఓమ్‌ల పైన. ప్లేటు మీద 600 వోల్టుల స్వింగ్ ఉంటే వెనక్కి వచ్చే కరెంట్ 50 మిల్లీఆంపియర్ల పైచిలుకు. 50 ఓమ్‌లలో అది రెండున్నర వోల్టులు. గ్రిడ్ డ్రైవ్ 50 కదా, అయిదు శాతం. దీనికి ఆసిలేషన్ రాదు. 200 ఓమ్‌లప్పుడు ఇదే 20 శాతం దాకా ఉండేది. పాత ట్యూన్డ్ గ్రిడ్‌లో ఇంపీడెన్స్ వేలల్లో ఉండేది కాబట్టి అప్పుడు న్యూట్రలైజేషన్ లేకుండా కుదిరేది కాదు. ఆ కెపాసిటర్‌ని అలాగే ఉంచేశాం, తీయాల్సిన పని లేదు. ప్లేటు దగ్గరి పారసిటిక్ సప్రెసర్లు, గ్రిడ్ పిన్నుకి సిరీస్‌లో ఉన్న 10 ఓమ్‌ల స్టాపర్లు మాత్రం తప్పనిసరి. వీహెచ్ఎఫ్‌లో పుట్టే ఆసిలేషన్‌ని ఈ 50 ఓమ్‌లు ఆపలేవు.

ఈ పద్ధతిలో ఇంకో మేలు. వాల్వు కటాఫ్‌లో ఉన్నా, కండక్ట్ చేస్తున్నా, హీటర్ ఇంకా వేడెక్కకపోయినా డ్రైవర్‌కి కనిపించేది అదే 50 ఓమ్‌లు. రిలే ఆలస్యమైనా డ్రైవర్ చావదు. అయితే యాంటెనా రిలే పడకముందే ఫైనల్ నుంచి ఆర్‌ఎఫ్ వస్తే రిలే కాంటాక్టులు కాలుతాయి కాబట్టి, పీటీటీ నొక్కాక ముప్పై మిల్లీసెకన్లు ఆగి డ్రైవ్ ఇచ్చేలా ఎక్సైటర్ ప్రోగ్రాం మార్చుకున్నారు.

ట్యూన్డ్ డ్రైవర్ పోయినప్పుడు మనం పోగొట్టుకునేది దాని ఫిల్టరింగ్. పుష్-పుల్ సరి హార్మోనిక్స్‌ని చాలావరకు కొట్టేస్తుంది. మూడోది మిగులుతుంది. బ్యాండుకొక లో-పాస్ ఫిల్టర్ పెట్టాలా అని ఆలోచించి వద్దనుకున్నాం. అలాంటి ఫిల్టర్ హార్మోనిక్‌ని వెనక్కి డ్రెయిన్ల మీదికే కొడుతుంది, అప్పుడు డ్రైవర్ ప్రవర్తన బ్యాండుకో రకంగా మారుతుంది. 35 మెగాహెర్ట్జ్ దగ్గర కోసే ఫిల్టర్ ఒక్కటి పెట్టి, మిగతాది ప్లేటు ట్యాంక్‌కీ, యాంటెనా వైపు ఫిల్టర్‌కీ వదిలేశాం. చివర స్పెక్ట్రమ్ చూసి, అమెరికా హ్యామ్ నియమాల్లో ఉండే 43 డెసిబెల్స్ గీతకి హార్మోనిక్స్ అన్నీ కింద ఉన్నాయని నిర్ధారించుకున్నాం. ఇది ఎవరి సెట్‌లో వాళ్లు కొలుచుకోవాల్సిందే. మా సెట్‌లో బాగుంది కాబట్టి మీదీ బాగుంటుందని చెప్పలేను.

గ్రిడ్ కరెంట్ మొదలవగానే బయాస్ లైనులో వచ్చే తేడాని పట్టుకుని ఎక్సైటర్ గెయిన్ తగ్గించే ఏఎల్‌సీ కట్టాం. ట్రాన్సిస్టర్ డ్రైవర్ దగ్గర పవర్ మిగులు ఉన్నప్పుడు మైకు దగ్గర గట్టిగా అరిచేవాళ్లకి ఇది లేకపోతే గొంతు మళ్లీ చీరుతుంది. వాల్వు లోపల ఎప్పుడైనా ఫ్లాష్‌ఓవర్ అయితే 750 వోల్టులు గ్రిడ్ మీదుగా ఫెట్ల దాకా వస్తాయి. డీసీ ఆపే కెపాసిటర్ ఇవతల, కోయాక్స్ వైపు, 90 వోల్టుల గ్యాస్ ట్యూబ్ అరెస్టర్ పెట్టాం. మామూలు డ్రైవ్ పీక్ 50 కాబట్టి అది వెలగదు.

ఫలితం, ఇతర వాల్వుల సంగతి

3.5 నుంచి 21 దాకా గ్రిడ్ డ్రైవ్ దాదాపు సమానంగా ఉంది. 28 మీద డెసిబెల్‌కి కాస్త ఎక్కువే తగ్గుతుంది, ఎక్సైటర్ లెవెల్ పెంచితే సరిపోతుంది. ఫైనల్ వంద వాట్లు దాటి ఇస్తోంది. ట్యూన్ చేయాల్సింది ప్లేటు, లోడ్ కండెన్సర్లు మాత్రమే. ముందు ప్యానెల్ మీద పాత డ్రైవ్ నాబ్‌ని మాస్టారు తీయనివ్వలేదు, దాని వెనక ఇప్పుడు ఏమీ లేదు.

ఇదే పద్ధతి వేరే వాల్వులకి పనికొస్తుందా అంటే, అది గ్రిడ్‌కి కావలసిన పీక్ వోల్టేజిని బట్టి ఉంటుంది. వోల్టేజి వర్గాన్ని వందతో భాగిస్తే 50 ఓమ్‌లలో ఖర్చయ్యే వాట్లు వస్తాయి. మన దగ్గర పాత డబ్బాల్లో ఇంకా కనిపించే 807ని ఏబీ1లో వాడితే ముప్పై పై వోల్టులు చాలు. అంటే పది వాట్లు. ఒకటి పెట్టినా రెండు పెట్టినా అదే పది, కెపాసిటెన్స్ మాత్రం పెరుగుతుంది. 13.8 వోల్టుల మీద నడిచే మామూలు ఐఆర్‌ఎఫ్510 స్టేజి దానికి సరిపోతుంది, మాస్టారి మొదటి డబ్బా లాంటిదే.

813 దగ్గర కథ మారుతుంది. ఏబీ1లో దానికి 90 వోల్టుల దగ్గర కావాలి. 50 ఓమ్‌లలో అది 81 వాట్లు. అంత పవర్‌ని రెసిస్టర్‌లో కాల్చడం కోసం కొత్త యాంప్లిఫయర్ కట్టే బదులు, 813ని గ్రౌండెడ్ గ్రిడ్‌గా మార్చి క్యాథోడ్‌కి డ్రైవ్ ఇస్తే ఆ పవర్‌లో చాలా భాగం అవుట్‌పుట్‌కే చేరుతుంది. లేదా 14 మెగాహెర్ట్జ్ దాకా చాలనుకునేవాళ్లు 200 ఓమ్‌లతో 20 వాట్ల దగ్గర సరిపెట్టుకోవచ్చు. ఒక్క 813కి వైరింగ్‌తో కలిపి 25 పికోఫారడ్ల దగ్గర ఉంటుంది కాబట్టి, మా సెట్‌లో కుదరని 200 ఓమ్‌లు అక్కడ కుదురుతాయి. 1:2 ట్రాన్స్‌ఫార్మర్‌ని మాత్రం సాకెట్ పక్కనే పెట్టుకోండి.